ఖాళీ బండికి బరువు గేరు

ఈ రోజు ఖమ్మంలో నా పాత పికప్‌కు వెనక చక్రాలను తిప్పే క్రౌన్ పినియన్ గేర్లు మార్పించాను. మెకానిక్ రెండు జతలు ముందు పెట్టాడు: బరువు లాగేది ఒకటి, రోడ్డు మీద జోరుగా పోయేది ఒకటి.

“బండ్ల ఎంతమంది ఎక్కుతరు సార్?”

“చర్ల తోవల చెయ్యెత్తినోళ్లందరు ఎక్కుతరు తమ్మీ. బస్తాలు గిట్ట ఏస్తరు. బరువుదే ఎయ్యి.”

వేశాడు. సాయంత్రం భద్రాచలం దాటి చర్ల దారి పట్టాక బండి నత్తలా, మూలుగుతూ నడిచింది. దారి పొడుగునా ఒక్కరూ చెయ్యెత్తలేదు. ఒకచోట నలుగురు నిలబడి ఉంటే నేనే ఆపాను.

“బస్సొస్తది సార్, మీరు పోండి” అన్నారు, ఎంతో మర్యాదగా.

ఈ రూటుకు బస్సు వేసి ఏడాదైంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. మెకానిక్ అడిగినప్పుడు ‘నేనొక్కణ్నే’ అనడానికి నోరు రాలేదు, అంతే. మీకైతే వచ్చేదా?