తాగనివాడి రుచి

సైలస్ పోయి రెండేళ్లయినా నా కోపం చల్లారలేదు. కాశీబుగ్గ బస్టాండు దగ్గర బారులో నేను వంటవాణ్ణి, అతను వడ్డించేవాడు. అతని సొంతూరు వజ్రపుకొత్తూరు వైపు. జీడి ఫ్యాక్టరీలో పని పోయి 1998లో మా దగ్గరికొచ్చాడు. బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆదివారం గుడికెళ్లి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటేగాని అతనికి వారం మొదలయ్యేది కాదు. ఎనిమిదేళ్లలో ఒక్క చుక్క బీరు నోట్లో వేసుకోలేదు. గిరాకీలు వదిలేసిన సీసాలు నాకిచ్చేసేవాడు.

కానీ ఏ తిండికి ఏ బీరో అతనికి తెలిసినట్టు పలాసలో ఇంకెవరికీ తెలియదు. ఎవరైనా కారం రొయ్యలు చెప్పి స్ట్రాంగ్ అడిగితే, "వద్దండి, నోరు మండిపోద్ది. సల్లటి లైట్ తెత్తాను" అనేవాడు. కొవ్వు పట్టిన మటన్ వేపుడికైతే స్ట్రాంగ్ తనే తెచ్చి పెట్టేవాడు. లైట్ తాగేవాళ్లు జీడిపప్పు చెబితే, ఉప్పు తగ్గించమని నాకు కేకేసేవాడు. తాగకుండా ఎలా తెలుసురా అని అడిగాను ఒకసారి.

"ముక్క తిన్నాక గ్లాసు ఎలగ దించుతాడో సూత్తాను బావా. ఒక్క గుక్కకే దించేత్తే జత కుదర్నట్టే."

అంతే, చూసి చూసి నేర్చుకున్నాడు. టెక్కలి నుంచి కూడా అతను వడ్డిస్తాడని వచ్చేవాళ్లు. మా సైలస్ అంతటోడు, ఇంతటోడు అని ఊరంతా చాటింది నేనే. నా నోరు పడిపోయినా బాగుండేది.

2006లో అతనికి కాళ్లు వాచాయి. కిడ్నీలు పోయాయన్నారు. మందు వాసన ఎరగని ఆడవాళ్లు కూడా ఆ జబ్బుతో పోతున్న ఊరు అతనిది. వాళ్లందరికీ దొరకని కారణం సైలస్ ఒక్కడికి దొరికేసింది. తాగానని అందరి ముందూ ఒప్పుకునేదాకా బల్ల ఇవ్వనన్నాడు సంఘపెద్ద అబ్రహాము. ఆ రొట్టెముక్క కోసం సైలస్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఉండబట్టలేక నేను గుడికెళ్లి, అతను తాగడని చెప్పాను.

"తాగకండా అంత రుసి ఎలగ తెలుత్తాది? నువ్వే తాగుతావు గదా, నీ సాచ్చెం ఏటికి?" అన్నాడు అబ్రహాము.

రోజూ తాగే నా కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. ఆ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

సైలస్ భార్య మిరియం బతిమాలింది. "తాగినానని ఒక్క మాట అనీ. బల్ల ఇచ్చేత్తారు."

"బల్ల కోసం దేవుడి ముందర అబద్ధం ఆడమంటావేటి?" అన్నాడు సైలస్. ఆ రొట్టె అందకుండానే పోయాడు.

సమాధి దగ్గర అబ్రహాము తాగుడు మీద అరగంట ప్రసంగం చేశాడు. దుఃఖం ఆపుకోలేక పొద్దున్నే ఒక సీసా ఖాళీ చేసి వచ్చిన నేను, ముందు వరసలో నిలబడి అదంతా విన్నాను. జనం వెళ్లాక మిరియం నా దగ్గరికొచ్చింది.

"నిజం సెప్పన్నియ్యా. ఒక్కసారైనా తాగినాడా?"

"లేదమ్మా" అన్నాను.

నా నోటి వాసనకి ఆమె ముఖం తిప్పుకుంది.