మారయ్య పడుగు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు లేదు, ఆటో లేదు. మారయ్య మాత్రం సాయంత్రానికల్లా విమానాశ్రయం చేరాలి. పోచంపల్లి నుంచి వచ్చి ఇక్కడ చీరల కొట్టు పెట్టుకున్నా ఇంట్లో మగ్గం మాత్రం తీసెయ్యలేదు. ఇంగ్లండులో పాత నేతవాళ్ల ఊరొకటి ఉంది. రాతి ఇళ్లు చెక్కుచెదరకుండా కాపాడి చూపిస్తారు. అక్కడికి వచ్చి పోచంపల్లి నేత చూపమన్నారు. ఈ విమానం తప్పితే మళ్లీ పిలుపు ఉండదు.

పై వాటాలో ఉండే గంగాధరరావు కారు తీశాడు. గుంటూరు మనిషి, కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు.

“సార్, ఎల్బీనగర్ కాడ మీరు మాట్లాడకుండ్రి. నోరు తెరిస్తే మీ గుంటూరు యాసకు దొరుకుతరు.”

“మూడొందల మందికి పాఠం చెప్పే నోరండీ ఇది!”

“గందుకే, జర మూసుకోండ్రి.”

ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మెవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. దశరథ అనే అతను కారుకు అడ్డం నిలబడ్డాడు.

“ఏడికి పెద్దాయనా?”

“ఇంగ్లండ్. మన నేత చూపియ్యనీకి.”

“అబ్బో! ఈడ ఉద్యమం నడుస్తుంటే నీకు ఇంగ్లండా? మూటల ఏంది?”

“పడుగు. మగ్గానికెక్కిచ్చే నిలువు దారాలు, రంగులేసినయ్.”

“నిజంగ నేత నేసే సాలోనివైతే పరిచి చూపియ్. లేకుంటే ఎన్కకు మర్రు.”

పడుగు పరచడం ఒక్కడి వల్ల కాదు. మారయ్య ఒక కొస పట్టుకుని మూట విప్పాడు. రెండో కొస రోడ్డు మీద పడబోతుంటే గంగాధరరావు దిగి అందుకున్నాడు. వెనక్కి నడిచాడు. ఎరుపు, నలుపు దారాలు తారు మీద గాలిలో బిగిశాయి.

“మెల్లిగా లాగండి, తెగిపోతాయేమో!” అనేశాడు.

గరిటెలు ఆగాయి. దశరథ అతని వైపు తిరిగాడు.

“ఏ ఊరు సార్ మీది?”

గంగాధరరావు కారు వైపు చూశాడు. కొస మాత్రం వదల్లేదు.

“నా పడుగు పట్టిండు,” అన్నాడు మారయ్య. “మా నేతోళ్ల వాడకట్టుల పడుగు పట్టినోన్ని ఊరడగరు. దారిన పోయెటోడైనా సరే, పట్టినంతసేపు మా ఇంటోడే.”

పొయ్యి దగ్గర్నుంచి లచ్చమ్మ అనే ముసలామె లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుని, నడుమ జారుతున్న దారాల కింద పెట్టింది.

“ఏం జూస్తున్నవ్‌రా దశరథా? ఆ దిక్కు పట్టు. మన్నైతది.”

దశరథ ఆమెనూ, గంగాధరరావునూ చూశాడు. పట్టాడు. నలుగురూ కలిసి చుట్టి, మూట కారులో పెట్టారు.

ఆ ఊరికి చేరిన మర్నాడు మారయ్య సన్నటి వీధిలో పడుగు కొస పట్టుకుని నిలబడ్డాడు. రెండు పక్కలా నేతవాళ్ల ఇళ్లే. ఏ తలుపూ తెరుచుకోలేదు. చూడవచ్చినవాళ్లు ఫొటోలు తీసుకున్నారు గానీ రెండో కొస పట్టలేదు. మారయ్య కాసేపు చూసి, దాన్ని ఒక ఇనుప గేటుకు కట్టుకున్నాడు.