సలహా ఇచ్చే హక్కు మాత్రమే

2019 మార్చి 27, బుధవారం, ఉదయం పదకొండు గంటలు. కోయంబత్తూరు పక్కన తుడియలూరులో గోవిందసామి అన్న ఇల్లు. హాజరైనవారు: గోవిందసామి అన్న, ఆయన భార్య రాజమ్మ వదిన, బెంగళూరు నుంచి వచ్చిన ఒక ఫౌండేషన్ అధికారిణి, ఆడిటరుగా నేను. నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలై, "పని సజావుగా ముగిసింది" అన్న వాక్యంతో ఆగుతుంది. ఆ వాక్యాన్ని కొట్టివేయాలని చాలాసార్లు అనిపించింది. కొట్టివేయలేదు.

అన్న నలభై ఏళ్లు పంపుల భాగాలు పోతపోసే ఫౌండ్రీ నడిపాడు. పిల్లలు లేరు. ఫౌండ్రీ మూసి యంత్రాలన్నీ అమ్మేసిన ఏడాది అది. ఇల్లు, ఇద్దరి బతుకుకు చాలే డిపాజిట్టు, పాత కారు ఉంచుకుని మిగిలినదంతా ధర్మానికి ఇచ్చేస్తానన్నాడు. సొంత ట్రస్టు పెట్టాలన్నది ఆయన ఆలోచన. వద్దన్నది నేను. ట్రస్టంటే రిజిస్ట్రేషను, ఏటేటా ఆడిటు, మన తర్వాత ట్రస్టీల మధ్య తగవులు. దానికి బదులు డోనర్-అడ్వైజ్డ్ ఫండ్ మేలన్నాను.

ఆ పద్ధతి ఇది. డబ్బు ఒక రిజిస్టరైన ఫౌండేషనుకు ఇచ్చేస్తాం. వాళ్లు దాత పేరుతో విడిగా ఒక నిధి ఉంచుతారు. పన్ను రాయితీ ఆ ఏడాదే వస్తుంది. ఏ పనికి, ఎప్పుడు ఇవ్వాలో దాత తీరిగ్గా సలహా చెప్పవచ్చు. దాత తర్వాత సలహా చెప్పే మనిషిని సక్సెసర్ అడ్వైజర్ అంటారు. అక్కడ వదిన పేరు రాశాం. ఇచ్చింది తిరిగి రాదనీ, మన సలహాను ఫౌండేషన్ కాదనవచ్చనీ ఉన్న షరతులు రెండుసార్లు చదివి వినిపించాను. మూడేళ్లలో ఒప్పుకోదగిన సలహా రాకపోతే వాళ్లే ఖర్చు చేస్తారన్న షరతు కూడా చదివాను. అన్న నవ్వాడు.

"ఇచ్చింది తిరిగి అడిగే వంశమా మాది? యాడ సంతకం పెట్టాల, చూపప్పా."

ఎవరికివ్వాలని ఉందో మాత్రం నేను అడగలేదు. మా ఇళ్లలో అడగరు. ఇవ్వకముందే పేరు బయటపడితే తీసుకునేవాడు తల దించుకోవాల్సి వస్తుందని పెద్దలు చెప్పేవారు. ఒకరి పెళ్లికి సాయం చేసినా, ఒకరి ఆసుపత్రి ఖర్చు భరించినా, చేతిలో పెట్టేదాకా భార్యకు కూడా చెప్పని మనిషి అన్న. అధికారిణి ఏ రంగమని అడిగితే వైద్యం అన్నాడు. ఆమె టిక్కు పెట్టుకుంది. నేను కూడా అంతటితో ఊరుకున్నాను.

తర్వాత కరోనా వచ్చింది. ఆయన ఏ సలహా చెప్పలేదు. 2021 చివర్లో ఒక పగలు మా ఇంటికి వచ్చి కాగితం చేతికిచ్చాడు. దాని మీద ఏడు పేర్లు. ఏడుగురూ ఆయన ఫౌండ్రీలో మౌల్డర్లు, అంటే పోతకు ఇసుకతో అచ్చులు తయారుచేసేవారు. ఆ ఇసుక దుమ్ము పాతికేళ్లు పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. డాక్టర్లు సిలికోసిస్ అంటారు. నయం కాదు. ఇంట్లో ఆక్సిజన్ మిషను ఉంటే మనిషి కూర్చుని అన్నం తినగలడు, పడుకుని నిద్రపోగలడు. విరుదునగరం వైపు కరిసల్ అనే నల్లరేగడి భూముల నుంచి పనికొచ్చిన గురుసామి అప్పటికే గోడ పట్టుకుని నడుస్తున్నాడట.

"మొదటినుంచి వీండ్లకనే నా మనసులో ఉండేది," అన్నాడు అన్న. "మాస్కు ఇస్తే వాండ్లు కట్టుకోలే. కట్టుకోకపోతే లోపలికి రావద్దని నేను చెప్పలే. చెప్పుంటే ఉత్పత్తి తగ్గిపొయ్యుండు."

సలహా పంపాం. పది రోజుల్లో మర్యాదగా జవాబు వచ్చింది. గ్రాంటు రిజిస్టరైన సంస్థలకే ఇస్తారు, వ్యక్తులకు ఇవ్వరు. పైగా వీరు దాత దగ్గర పనిచేసినవారు. వారి జబ్బుకు నిధి ఖర్చుపెడితే దాత తన బాధ్యతనే ధర్మం సొమ్ముతో తీర్చుకున్నట్టవుతుంది. సంస్థ ద్వారా ఇచ్చినా పేర్లు మనం చెప్పకూడదు. చట్టప్రకారం అందులో ఒక్క ముక్క కూడా తప్పని నేను అనలేను.

"అంటే," అన్నాడు అన్న, "ఊరందరికీ ఇయ్యొచ్చు. నేను చెరిపినోళ్లకు ఇయ్యకూడదు. అదేనా?"

"అదేనన్నా."

"నువ్వు నాకు మంచి దోవ చూపినావప్పా."

ఆయన గొంతు పెంచలేదు. కారు అమ్మి రెండు మిషన్లు కొన్నాడు. డిపాజిట్టు అప్పటికే వదిన కిడ్నీ జబ్బుకు కరుగుతోంది. ఏడుగురిలో ఆ రెండూ ఎవరికో తేల్చమని డాక్టరును అడిగాడు. ఒకటి గురుసామికి వెళ్లింది. నేను మూడు సంస్థలకు ఉత్తరాలు రాశాను. ఒకటి పరీక్షా శిబిరాలు మాత్రమే పెడుతుంది. రెండోదానికి రిజిస్ట్రేషను గడువు తీరింది. మూడోది జవాబివ్వలేదు. ఈలోగా మూడేళ్లు నిండాయి.

ఫౌండేషన్ ఆ నిధిని కోయంబత్తూరులో ఒక పెద్ద ఆసుపత్రి ఊపిరితిత్తుల వార్డుకు ఇచ్చింది. 2023 మార్చిలో ప్రారంభం. గోడ మీద నల్లరాతిలో అన్న పేరు చెక్కారు. వదిన బతిమాలితే వచ్చాడు. శాలువా కప్పించుకుని, పక్కనున్న ఆసుపత్రి పెద్దను అడిగాడు:

"నా మనుషులు ఆరుగురు ఉండారు. ఈడికి వస్తే చూస్తారా?"

"తప్పకుండా సార్. వచ్చేటప్పుడు ఇన్సూరెన్సు కార్డు తెమ్మనండి."

ఏడుగురు కాస్తా ఆరుగురయ్యారని నాకు అప్పుడే తెలిసింది.

ఈ కేసు నాకు నేర్పిన పాఠం చిన్నది. ఆ తర్వాత ప్రాక్టీసు మానేదాకా, ధర్మానికి డబ్బు పెడతానని ఎవరొచ్చినా ఫారం తీయకముందే "ఎవరికి?" అని అడిగాను. కొందరు నొచ్చుకున్నారు. ఒకరు లేచి వెళ్లిపోయారు. అయినా అడిగాను. ఆ ప్రశ్న మర్యాద కాదనుకుని నేను కాపాడింది ఎవరి పరువో ఇప్పటికీ తెలియదు.

వార్డు ప్రారంభమైన మరుసటి ఉదయం ఏడున్నరకు ఆసుపత్రి ఇచ్చిన ఫొటోలు పట్టుకుని అన్న ఇంటికి వెళ్లాను. వాకిట్లో ఆటో ఆగి ఉంది. గురుసామి భార్య సుబ్బక్క, తడిగుడ్డతో తుడిచిన ఆక్సిజన్ మిషను పక్కన నిలబడి ఉంది. అన్న కూర్చోమన్నా యజమాని ముందు కూర్చోలేదు.

"ఆయన పదహారో దినం కర్మ ముగిసింది మొదలాళీ. ఇంగ మా ఇంట్లో ఇది ఏంటికి? శీనుకు ఇయ్యండి. వాడు రెండు మెట్లు ఎక్కలేకుండా ఉండాడు."

అన్న నావైపు చూడకుండా మిషను ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క నేను పట్టుకున్నాను. మళ్లీ అదే ఆటోలో ఎక్కించాం. ఎక్కడికని డ్రైవరు అడిగాడు. శీను ఆ ఫౌండ్రీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. వాడి ఇల్లు ఎక్కడో మా ఇద్దరికీ తెలియదు. సుబ్బక్క ముందు సీటు పక్కకు వచ్చి దారి చెప్పింది.