తాళం వేసిన ఇళ్ల కోసం తిరుమణికి

నేను రాసిన రిపోర్టు మీద నాకే అనుమానం వచ్చి బయలుదేరిన ప్రయాణం ఇది. బెంగళూరులో మిత్రులం కొందరం చందాలు వేసుకుని, పావగడ దగ్గరి తిరుమణి అనే ఊళ్లో కూలికెళ్లే తల్లుల పిల్లల కోసం శిశుకేంద్రం నడుపుతున్నాం. ఊరికే ఇస్తూ పోకూడదు, ఇంటింటా అడిగి తేల్చుకోవాలని పట్టుబట్టింది నేనే. నిరుడు వెళ్లి అడిగాను. సోలారు కంపెనీలకు పొలాలు కౌలుకిచ్చి అందరూ నిమ్మళంగా ఉన్నారు, కేంద్రం మూసేయవచ్చని రాశాను. అది తేల్చే మీటింగు ఈ ఆదివారం. ఆ కాగితాలు మళ్లీ తిరగేస్తే చాలాచోట్ల నా రాతే కనిపించింది: ‘ఇంటికి తాళం. పక్కింట్లో అడిగాను.’

శుక్రవారం ఒంటిగంటకు మెజెస్టిక్ బస్టాండులో పావగడ బస్సెక్కాను. పక్కసీట్లో, అటువైపే ఉన్న వై.ఎన్.హొసకోట ఊళ్లో బట్టలకొట్టు నడిపే శెట్టిగారు.

“తిరుమణికా? ఆడ ఎండ తప్ప ఏముండాదప్పా! అదీ కంపెనీవాళ్లే తీసుకున్నారు” అని పకపకా నవ్వారు. సంగతి చెప్పాను. “నిరుడు ఎన్నింటికి పోయినావు?” అని అడిగారు.

“పదకొండుకి.”

“సరిపోయింది! ఆ పొద్దుకు కూలోళ్లు ఊర్లో యాడుంటారు? ఐదున్నరకు పో.”

నా మొహం మాడిపోయింది. దారిలో మధుగిరిలో బస్సాగితే టీ కూడా సహించలేదు.

ఆరింటికి పావగడలో దిగి, బస్టాండు ఎదుటి లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి అంతంతమాత్రం. పక్క హోటల్లో రాగిముద్ద, ఉలవచారు మాత్రం బ్రహ్మాండం.

తెల్లారి ఆటోలో ఐదున్నరకు తిరుమణి చేరాను. ఊరి మొదట్లో టెంపో నిండా ఆడవాళ్లు, ఒళ్లో టిఫిను క్యారియర్లు. ఆంధ్రా వైపు టమాటా తోటలకు పోతున్నారట. పసివాణ్ని కేంద్రంలో దింపి గంగమ్మ అనే ఆవిడ పరుగెత్తుకొచ్చింది. కేంద్రం తరఫున వచ్చానని చెప్పి, కూలికి అంతదూరం ఎందుకని అడిగాను.

“పొలాలన్నీ అద్దాలేసినాక ఈడ కూలి యాడిది సార్? భూమి ఉండేవాళ్లకు కౌలొస్తాది. మాకేమొస్తాది?”

“నిరుడు నేను వచ్చాను కదమ్మా!”

“మా ఇంటి బీగం చూసి పోయింటావులే” అంది. టెంపోలో అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. “కేంద్రం మూసేస్తారంట కదా. మూస్తే పిల్లోణ్ని చూసుకునేకి పెద్దపాపను ఇస్కూలు మాన్పించాల. ఐదో తరగతిలో అదే ఫస్టు.”

సిగ్గుతో చచ్చిపోయాను. బండి కదులుతుంటే నేనూ ఎక్కేశాను. కుదుపుల్లో వంకర అక్షరాలతో ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను. తోట దగ్గర దిగుతూ గంగమ్మ కాగితంలోకి తొంగిచూసింది.

“నా పేరు యాడుండాది?”

చూపించాను. దాని మీద వేలు పెట్టి చూసి, తోటలోకి వెళ్లిపోయింది.

పదకొండుకల్లా పావగడలో బెంగళూరు బస్సెక్కాను. దారిపొడవునా రిపోర్టు తిరగరాశాను. ‘నిరుడు నేను రాసింది తప్పు. పగలు ఇంటిపట్టున ఉండగలిగినవాళ్లనే అడిగాను’ అన్నది మొదటి వాక్యం. మీటింగు దాకా ఆగలేక ఫోనులో మిత్రులకు చదివి వినిపించాను. “అయితే మూసేది లేదు” అన్నారు.

ఆ మాట గంగమ్మకు నేనే వెళ్లి చెప్పాలి. ఎన్నింటికి వెళ్లాలో ఇప్పుడు తెలుసు.