బొమ్మలు ఈసారి పెట్టెలోకి వెళ్ళలేదు

మా ఇంటి ఓనర్ ఆంటీ పోయిన వారం కన్నుమూశారు. బర్నబీలో ఆవిడ బేస్‌మెంట్‌లోనే మేం అద్దెకుంటున్నాం. ఆ రోజు పొద్దున్నే ఆవిడ కూతురు పై అంతస్తు నుంచి ఫోన్ చేసి, "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది" అంది. చెప్పులైనా వేసుకోకుండా పైకి పరుగెత్తాను.

ఆంటీది జపాన్. ఈ పరాయి దేశంలో నన్ను తిన్నావా అని అడిగిన మొదటి మనిషి ఆవిడే. స్టవ్ పైన గోడకు పొయ్యి దేవుడి కాగితం అంటించి ఉండేది. రోజూ ముందు ఆయనకు నీళ్ళు పెట్టాకే తను టీ తాగేవారు. ఒకసారి అక్కడ నిలబడి నేను మా ఆయన్ని తిట్టిపోస్తుంటే, "హాల్లోకొచ్చి తిట్టు, ఇక్కడైతే దేవుడు వింటాడు" అన్నారు. ఇప్పటికీ తిట్టాలంటే హాల్లోకే వెళ్తాను.

మార్చిలో వాళ్ళకు ఆడపిల్లల పండుగ. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద రాజు, రాణి, పరివారం బొమ్మలు కూర్చోబెడతారు. పిల్లకు రాబోయే కీడును అవి తమ మీద వేసుకుంటాయని నమ్మకం. నాకు మా బొమ్మల కొలువు గుర్తొచ్చేది. కానీ పండుగ మర్నాడు తెల్లారిందో లేదో, నన్ను పిలిచి బొమ్మల ముఖాలకు మెత్తటి కాగితం చుట్టించి పెట్టెలో పెట్టించేవారు. "ఏమిటాంటీ, వీటికేమైనా ఫ్లైట్ ఉందా?" అని ఆటపట్టించేదాన్ని.

ఒక ఏడాది అలా అంటే ఆవిడ నవ్వలేదు. బొమ్మలు తీయడం ఆలస్యమైతే ఆ ఇంటి పిల్లకు పెళ్ళి ఆలస్యమవుతుందట. కూతురి చిన్నతనంలో, తన భర్త ఆస్పత్రిలో ఉన్న ఏడాది, అవి ఎండాకాలం దాకా అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు కూతురికి యాభై దాటాయి, పెళ్ళి కాలేదు. "అంతా నా వల్లే" అన్నారు ఆంటీ. అలా ఏం ఉండదని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు.

మొన్న మార్చిలో ఆంటీ కుర్చీలోంచి లేవలేకపోయారు. కూతురూ నేనూ సర్దుతుంటే "త్వరగా, త్వరగా" అని ఒకటే కంగారు. కూతురికేమో ఆ కంగారు వెనకున్న సంగతే తెలియదు. ఇక ఊరుకోలేక నేనే చెప్పేశాను. చేతిలో పెట్టె కిందపెట్టి, కూతురు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అమ్మా, నాకు పెళ్ళి వద్దనిపించింది, చేసుకోలేదు. నా జాబ్, నా ఇల్లు, వీకెండ్ నీ దగ్గరికి రావడం, నాకిదే బాగుంది. బొమ్మలేం చేశాయి పాపం?"

ఆంటీ కూతురి ముఖంలోకి చూశారు. "నిజంగానా?"

"నిజంగానే. ఈసారి తియ్యొద్దు. నాకు వీటిని చూస్తుండాలని ఉంది."

"అయితే ఉండనీ" అన్నారు ఆంటీ. అంత నిశ్చింతగా ఆవిడ వెనక్కి వాలడం నేనెప్పుడూ చూడలేదు.

నిన్న అంత్యక్రియలయ్యాక పైకి వెళ్ళాం. బొమ్మలు మెట్ల మీదే ఉన్నాయి. అలవాటుకొద్దీ నేను పెట్టె అందుకోబోతే కూతురు వద్దన్నట్టు తల ఊపింది. కళ్ళు తుడుచుకున్న రుమాలుతోనే రాణి బొమ్మ ముఖం మీది దుమ్ము తుడిచి, మళ్ళీ దాని చోట కూర్చోబెట్టింది.