అలావుద్దీన్ మామకు గాలి పడదు

పుంగనూరులో వెండి తీగపని చేసే అలావుద్దీన్ మామకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు. గాలి. తుపాను గాలి సరే, ఫ్యాను గాలి, విసనకర్ర గాలి, ఎదుటివాడు వదిలే ఊపిరి కూడా ఆయనకు పడదు.

కిటికీ సందు లేకుండా మూసి, తలుపు కింద పాత లుంగీ గుడ్డలు కుక్కి కూర్చునేవాడు. దుకాణంలో వేగంగా నడవకూడదు. తుమ్ము వస్తే వీధిలోకి పరుగెత్తాలి. బి.కొత్తకోట నుంచి మెట్టెల కోసం వచ్చిన మారప్ప ఒకసారి గట్టిగా నవ్వాడని, నవ్వడం ముగించి రమ్మని బయటికి పంపాడు. బయట నిలబడ్డాక మారప్పకు ఇంకా నవ్వొచ్చింది. మెట్టెలు సాయంత్రానికి గానీ చేతికి రాలేదు.

ఆ చీకటి గదిలోకి పని నేర్చుకోవడానికి నేను నవ్వుకుంటూ రాలేదు. కుప్పం దగ్గర బట్టల కంపెనీలో కుట్టేదాన్ని. ఒక జ్వరం వచ్చి తగ్గింది గానీ, చేతుల్లో వణుకు మిగిల్చి పోయింది. కుట్టు వంకర పోతోందని కంపెనీవాళ్లు మాన్పించారు. ఈ పని కూడా రాకపోతే నాకు ఇంకో దారి లేదు. అందుకే వణుకు సంగతి మామకు చెప్పలేదు. ఆయన చూసినప్పుడల్లా చేతులు కొంగు కింద దాచుకునేదాన్ని.

వెంట్రుకంత వెండి తీగలు రెండు పురిపెట్టి, సాగగొట్టి, చిన్న చిన్న చుట్టలుగా వంచి, ఆకు ఆకారపు చట్రంలో పట్టకారుతో ఒక్కొక్కటే పేర్చాలి. పైన టంకం పొడి చల్లి, గొట్టంతో మంట ఊదితే అంతా అతుక్కుంటుంది. మామ ఒప్పుకునే గాలి అదొక్కటే.

నా చుట్టలు మంటదాకా వచ్చేవి కావు. ఐదోది పెట్టేలోగా మొదటి నాలుగూ ఎగిరి ఒళ్లో పడేవి. మామ మాత్రం తలుపు వైపు గుర్రుగా చూసి, “గాలి” అనేవాడు. లేచి ఇంకో గుడ్డ కుక్కేవాడు. ఐదు నెలల్లో ఇంట్లో కట్టుకోవడానికి ఆయనకు లుంగీ కరువైంది.

మే నెల వచ్చింది. గది పొయ్యిలా కాలింది. అరవై ఐదేళ్ల మనిషి, చొక్కా పిండితే నీళ్లు కారేలా తడిసి, ఆయాసపడుతూ కూర్చునేవాడు. నాకు ఒక్క ఆకు కూడా రాలేదు. ఇక మానేద్దామని నిశ్చయించుకొని, ఆయన భార్య కుల్సుమత్తతో చెప్పాను. నేను పోయాకైనా ఆయనకో ఫ్యాను పెట్టించమన్నాను.

“ఫ్యాను అటక మీద ఉండాది మాధవీ. ముప్పై ఏండ్లు దాని కిందనే పని చేసినాడు. నువ్వొచ్చిన రెండో దినం పీకేసినాడు,” అంది అత్త.

“యాల?”

“నీ చెయ్యి వణికేది సూసినాడు. తప్పు గాలి మీదికి తోస్తే పిల్ల నిలబడతాదంట.”

సిగ్గుతో ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా ఆ ముసలాయన మీద ప్రేమ పొంగింది. మరునాడు పోయి, “మామా, గాలి కాదు. నా చెయ్యే,” అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. అరచేతి వెడల్పు కొయ్యదిమ్మ ఒకటి తీసి, నా మణికట్టును దానికి ఆనించి గుడ్డతో కట్టాడు. దిమ్మ ఎప్పుడో చెక్కి పెట్టుకున్నట్టుంది, నున్నగా ఉంది.

“ఇన్నాళ్లూ యాల చెప్పలేదు మామా?”

“నేనే చెప్పుంటే ఆ పొద్దే పోయుంటావు బేటీ. నువ్వు చెప్తావని కాసుకోనుండాను.”

సాయంత్రానికి నా మొదటి ఆకు వచ్చింది. పదకొండు చుట్టల్లో ఒకటి వంకర. మామ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. లోపలికి తిరిగి భార్యను కేకేశాడు.

“కుల్సుమ్, ఆ ఫ్యాను దించు. ఉడికి సచ్చినాను.”