పన్నెండు ఫొటోల్లో రెండు

ఆరేళ్లుగా ఒక మాట గుండెల మీద మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బరంపురంలో నా పరిశోధన ప్లాస్టిక్‌లో అతి సన్నని బంకమట్టి రేణువులు కలపడం మీద. మట్టి రేకులు రేకులుగా విడిపోయి అంతటా పరుచుకుంటే ప్లాస్టిక్ గట్టిపడుతుంది. ఉండలు కడితే అక్కడే విరుగుతుంది. ఎలా కలిసిందో తెలియాలంటే ముక్కను ముందే గళ్లుగా విభజించుకుని, చీటీ తీస్తే ఏ గడి వస్తే అక్కడ మైక్రోస్కోప్‌తో ఫొటో తీయాలి. పన్నెండు తీశాను. పదింట్లో ఉప్మాలో రవ్వ ఉండల్లా మట్టి. రెండింట్లో మాత్రం ముచ్చటగా విడిపోయింది. ఆ రెండే వ్యాసంలో పెట్టి, ముక్కంతా ఇలాగే ఉందని కింద రాశాను.

ఫొటోలు నిజమైనవే కదా, అబద్ధం ఎలా అవుతుంది? చాలాకాలం నన్ను నేనే ఇలా బుజ్జగించుకున్నాను. డాక్టరేట్ వచ్చింది, అదే ల్యాబ్‌లో ఉద్యోగమూ వచ్చింది. మా నాన్న తన కొట్టుకి వచ్చిన వాళ్లందరికీ మిఠాయి పంచాడు.

తర్వాత నా పనిని ముందుకు తీసుకెళ్లడానికి సుజాత చేరింది. రోజూ రంభ నుంచి రైల్లో వచ్చేది. రెండేళ్లు నా పద్ధతిలోనే కలిపింది. ప్రతిసారీ ఉండలే. ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా నా ఎదురుగా కూర్చుంది.

“ఏటక్కా, నీకు కుదిరింది నాకెందుకు కుదరడం నేదు? నా సేతుల్లోనే ఏదో లోపం ఉన్నాది.”

“ఇంకొంచెం ఓపిగ్గా కలిపి సూడు,” అన్నాను.

ఆ పది ఫొటోలూ అప్పుడు నా సొరుగులోనే, పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ఎందుకు తీసి చూపించలేదు? పరువు పోతుందనా? అక్కా అని పిలిచే పిల్ల ముందు చిన్నబోతాననా? రెండూనేమో. ఫొటోలు దాచినదానికన్నా ఆ జవాబుకే ఎక్కువ సిగ్గుపడుతున్నాను. తప్పు నాదైతే, తన చేతుల్ని తనే అనుమానించుకునేలా చేశాను.

పోయిన వారం సుజాత పరిశోధన మానేస్తానని మా ప్రొఫెసర్‌తో చెప్పింది. నిన్న పొద్దున ఆ పదీ తనకి పంపాను. ప్రొఫెసర్‌కీ, వ్యాసం అచ్చువేసిన పత్రికకీ కూడా పంపాను, ఏ ఫొటో ఏ గడిలోదో రాసి. ఉద్యోగం పోవచ్చు. సుజాత ఇక మాట్లాడకపోవచ్చు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు.

ఈరోజు నేను వెళ్లేసరికి తను ల్యాబ్‌లోనే ఉంది. నా పది ఫొటోల్నీ ప్రింటు తీసి తన ఫొటోల పక్కన పరిచి, ఒక్కో ఉండనీ స్కేలుతో కొలిచి రాసుకుంటోంది. మధ్యాహ్నం కాగానే క్యారేజీ విప్పింది, నాకు వీపు పెట్టి. నేనూ విప్పుకున్నాను. చాలా ఏళ్లకి అన్నం రుచి తెలిసింది.